సముద్రం పక్కన 42 కిలోమీటర్లు: వైజాగ్, కొచ్చి, చెన్నై, ఆరోవిల్‌లలో మీకు ఏది?

హైదరాబాద్‌లో రెండు మూడేళ్లు పరుగు అలవాటయ్యాక చాలామందికి ఒక కోరిక పుడుతుంది. నెక్లెస్ రోడ్డు చూసేశాం, కేబీఆర్ పార్కు చుట్టూ లెక్కలేనన్నిసార్లు తిరిగేశాం, ఆగస్టులో జరిగే మన హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగేశాం. ఇక ఒక్కసారైనా సముద్రం పక్కన పరిగెత్తాలి. ఈ ఏడాది మా గ్రూపులో ముగ్గురు నన్ను ఇదే అడిగారు, ఎక్కడికి వెళ్లాలో చెప్పమని. ముగ్గురికీ మూడు వేర్వేరు జవాబులు చెప్పాల్సి వచ్చింది. ఎందుకో వివరంగా రాస్తే మిగతావాళ్లకీ పనికొస్తుందనిపించింది.

వైజాగ్ బీచ్ రోడ్డు మీద నేను రెండు హాఫ్‌లు (21 కిలోమీటర్లు), ఒక ఫుల్ (42 కిలోమీటర్లు) పరిగెత్తాను. కొచ్చి, చెన్నై, ఆరోవిల్ ఒక్కొక్కసారి వెళ్లొచ్చాను. ఈ ఆరు పరుగుల్లో నేర్చుకున్నదాన్ని ముందే చెప్పేస్తాను: ఫొటోలు చూసి ఊరు ఎంచుకోకండి. సముద్రం మొదటి 15 కిలోమీటర్లు అద్భుతంగా కనిపిస్తుంది. 30 దాటాక పక్కనే ఉన్నా కనిపించదు. అప్పుడు మీ కళ్లు వెతికేది నీళ్ల టేబుల్‌ని, కాస్త నీడని, పలకరించే ఒక మనిషిని. ఆ మూడూ ఎక్కడ దొరుకుతాయో చూసుకుని బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ) తీసుకోండి.

వైజాగ్ బీచ్ రోడ్డు

ముందు వైజాగ్ గురించి ఎక్కువగా చెప్పాలి. మనకు దగ్గర, మన భాష, పైగా దేశంలో సముద్రాన్ని ఇంతసేపు పక్కనే పెట్టుకుని పరిగెత్తే రోడ్డు నేను ఇంకోటి చూడలేదు. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి, కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం. అక్కడి నుంచి లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, చివరికి భీమిలి. కుడి పక్క సముద్రం, ఎడమ పక్క కొండలు. ఆర్కే బీచ్ నుంచి సుమారు పది కిలోమీటర్లకు రుషికొండ వస్తుంది కాబట్టి, హాఫ్ పరిగెత్తేవాళ్లు దాదాపు రుషికొండ దాకా వెళ్లి వెనక్కి తిరిగినట్టు లెక్క.

ఈ రోడ్డు చదునుగా ఉంటుందని అనుకుంటారు, బీచ్ రోడ్డు కదా అని. కాదు. జోడుగుళ్లపాలెం దాటగానే కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు మొదలవుతుంది. రుషికొండ దగ్గర మళ్లీ ఇంకో ఎత్తు. వెళ్లేటప్పుడు చీకటిలో, ఉత్సాహంలో అది తెలియదు. తిరిగొచ్చేటప్పుడు అదే తెన్నేటి పార్కు ఎత్తు చివరి ఏడెనిమిది కిలోమీటర్లలో ఎదురవుతుంది. మా ఫ్లైఓవర్ల ప్రాక్టీస్ ఇక్కడ నిజంగా పనికొచ్చింది. అలవాటు లేనివాళ్లు కనీసం రెండు నెలలు, వారానికోసారి ఏదో ఒక ఎత్తు మీద చిన్న అడుగులతో ఎక్కడం, బ్రేకులు వేసినట్టు కాకుండా వదులుగా దిగడం సాధన చేయండి. ఎక్కడం కంటే దిగడమే తొడల్ని ఎక్కువ చితక్కొడుతుంది.

రెండో సంగతి ఎండ. ఇది తూర్పు తీరం. డిసెంబరులో ఆరుంబావు దాటాక సూర్యుడు నేరుగా సముద్రంలోంచే లేస్తాడు. ఆ దృశ్యం కోసమే ఇక్కడికి రావచ్చు, అందులో సందేహం లేదు. కానీ సూర్యుడికీ మీకూ మధ్య చెట్టు లేదు, మేడ లేదు. కొండలున్నాయి గానీ అవి పడమటి వైపు ఉన్నాయి, పొద్దున వాటి నీడ మీకు రాదు. భీమిలి వైపు వెళ్తుంటే ఎండ కుడి చెంప మీద, తిరిగొస్తుంటే ఎడమ చెంప మీద. నా ఫుల్ రోజున టోపీ పెట్టుకున్నాను గానీ పక్కల నుంచి కొట్టే ఎండకు అది ఆగలేదు, చెవులు, మెడ కాలిపోయాయి. మెడ వెనక గుడ్డ వేలాడే టోపీ గానీ, తడిపి మెడకు చుట్టుకునే పల్చటి తువ్వాలు గానీ తీసుకెళ్లండి.

గాలి కూడా గంటగంటకీ మారుతుంది. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. నేల వేడెక్కాక అది తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు వస్తుంది. ఈ రెండింటికీ మధ్య, ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల్లో, ఆకు కూడా కదలని సమయం ఒకటి ఉంటుంది. ఉక్క అంటే అదే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారిపోతుందే తప్ప ఆరదు. హైదరాబాద్ చలికాలపు పొడిగాలికి అలవాటైన మనకు ఇదే అసలు పరీక్ష. మా ఊళ్లో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో హాయిగా పరిగెత్తే నేను, ఇక్కడ మొదటి నుంచే ఇరవై సెకన్లు నెమ్మదిగా వెళ్లినప్పుడే బాగా ముగించగలిగాను. హాఫ్ వాళ్లు ఆ ఉక్క సమయానికి ముగించేస్తారు. ఫుల్ వాళ్లు సరిగ్గా అందులోకే అడుగుపెడతారు.

అదే రోడ్డు: పెద్ద పరుగా, చిన్న పరుగా

ఈ రోడ్డు మీద పెద్దది వైజాగ్ నేవీ మారథాన్. 2014లో మొదలైంది, తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో చలికాలంలో జరుగుతుంది. 5, 10, 21 కిలోమీటర్లతో పాటు ఈ మధ్య 42 కూడా ఉంటోంది. వేలమంది వస్తారు. నా రెండు హాఫ్‌లలో ఒకటి అందులోనే. రోడ్డు మూసేశారు, ఎదురొచ్చే వాహనం లేదు, రెండు పక్కలా జనం, పేసర్ల (ఒకే వేగంతో ముందుండి నడిపించేవాళ్ల) వెనకాల గుంపుగా కదిలే మనుషులు. పిల్లలు చేతులు చాపి నిలబడితే, చేయి కొట్టిన ప్రతిసారీ కాస్త బలం వచ్చినట్టుండేది. మొదటిసారి తీరం పక్కన పరిగెత్తేవాళ్లని నేను కళ్లు మూసుకుని ఇక్కడికే పంపిస్తాను.

నా ఫుల్ మాత్రం ఇదే దారిలో జరిగిన ఒక చిన్న పరుగులో. నూట యాభై మందిమి కూడా లేం. నాలుగున్నరకి టార్చి వెలుతురులో బయలుదేరాం. ఆ మొదటి రెండు గంటలూ ఇంతవరకూ నేను పరిగెత్తిన వాటన్నింటిలోకీ అందమైనవి. అలల చప్పుడు, మన అడుగుల చప్పుడు, ఇంకేమీ లేదు. రుషికొండ దాటాక తూర్పున మొదట బూడిద రంగు, తర్వాత గులాబీ, తర్వాత ఆ ఎర్రటి బింబం. వేటకు వెళ్లిన పడవలు దాని ముందు నల్లటి గీతల్లా ఉన్నాయి. పెద్ద గుంపులో ఉంటే ఇంత నిశ్శబ్దం దొరికేది కాదు. చిన్న పరుగు వెతికేవాళ్లు వెతికేది దీన్నే, వెతకడం న్యాయమే.

అయితే యూ-టర్న్ తీసుకున్నాక నా ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. రోడ్డు తెరిచేశారు, కార్లు హారన్ కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. 31వ కిలోమీటర్ దగ్గర ఉండాల్సిన టేబుల్ ఉంది, దాని మీద ఖాళీ క్యాన్లు ఉన్నాయి, నీళ్లు లేవు. ముందు వెళ్లిన 21 కిలోమీటర్ల వాళ్లు వాడేశారట. అక్కడున్న కుర్రాడి తప్పేం లేదు, పాపం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కిలోమీటరున్నర నడిచాక ఒక పాక దగ్గర చేపలు ఎండబెడుతున్న అమ్మ నన్ను చూసి, "ఏటి బాబూ, ఇంత ఎండలో ఎందుకలా పరిగెడతన్నారు? కూకో, నీళ్లు తాగు" అని చెంబు అందించింది. ఆ నీళ్లు తాగకపోతే నేను ఆ రోజు ముగించేవాణ్ని కాదు. ఆ పరుగు మెడల్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు గానీ ఆ చెంబు గుర్తుంది.

అందుకని చిన్న పరుగుకు వెళ్లకండి అనడం లేదు. వెళ్లండి, కానీ నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి. ఎన్ని కిలోమీటర్లకొక నీళ్ల స్టాల్, అది ఎంతసేపటిదాకా ఉంటుంది? హాఫ్ వాళ్లకీ ఫుల్ వాళ్లకీ ఒకే స్టాలా? రోడ్డు ఎన్నింటికి తెరుస్తారు? చివరి మనిషి వెనకాల అంబులెన్సో, బైకో వస్తుందా? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు మంచి నిర్వాహకులు. "అన్నీ ఉంటాయి సార్, టెన్షన్ పడకండి" అన్నారంటే నడుముకి కట్టుకునే వాటర్ బెల్టు, ఒక ఐదొందల నోటు, ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. ఇంకొకటి: దూరం సర్టిఫై చేసిన కోర్సా కాదా అనేది, ఆ టైమింగ్‌తో ఇంకో పెద్ద పరుగుకు అప్లై చేయాలనుకునేవాళ్లకు ముఖ్యం. ముంబై ఫుల్ లాంటివాటికి పాత టైమింగ్ అడుగుతారు. అలాంటి ఆలోచన లేకపోతే దాని గురించి బెంగపడక్కర్లేదు.

కొచ్చి

కొచ్చిలో సముద్రం వైజాగ్‌లా కుడి పక్కన అంటిపెట్టుకుని రాదు. అక్కడ అందం వేరు: బ్యాక్‌వాటర్లు, వంతెనలు, ఓడలు, పాత గిడ్డంగులు. సోల్స్ ఆఫ్ కొచ్చిన్ అనే రన్నర్ల బృందం 2014 నుంచి నడుపుతున్న స్పైస్ కోస్ట్ మారథాన్ విల్లింగ్డన్ ఐలాండ్ చుట్టుపక్కల జరుగుతుంది. రన్నర్లు రన్నర్ల కోసం చేసే పరుగు ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. నీళ్లిచ్చే చోట నిలబడ్డవాళ్లు కూడా పరిగెత్తేవాళ్లే. నా ముఖం చూసి ఏం కావాలో అడక్కుండానే ఉప్పు, నారింజ తొన చేతిలో పెట్టారు.

వంతెనల ఎత్తు తప్పిస్తే దారి చదును. పడమటి తీరం కాబట్టి సూర్యుడు నేల వైపు నుంచి, మేడల వెనక నుంచి, చెట్ల వెనక నుంచి లేస్తాడు. సముద్రంలో సూర్యోదయం ఉండదు, కానీ ఎండ పడేసరికి మీకు దాదాపు గంట అదనంగా దొరుకుతుంది. ఫుల్ పరిగెత్తేవాళ్లకు ఆ గంట ఎంత విలువైనదో వైజాగ్‌లో మాడిపోయిన నాకు బాగా తెలుసు. ఉక్క మాత్రం అక్కడ ఇంకా ఎక్కువ. పరుగు మొదలైన పది నిమిషాలకే బనియన్ పిండేటట్టుంది. ఒరుసుకునే చోటల్లా, తొడల మధ్య, చంకల కింద, వాజిలైన్ బాగా పట్టించకపోతే రెండు రోజులు నడవలేరు.

కష్టం ప్రయాణం. సికింద్రాబాద్‌లో శబరి ఎక్కితే దాదాపు ఒక రోజు రైల్లోనే. అంతసేపు కూర్చుని వెళ్లి మర్నాడే ఫుల్ పరిగెత్తడం తెలివైన పని కాదు. విమానం ఖర్చు పెట్టుకోగలిగితే, లేదా కుటుంబంతో నాలుగు రోజుల సెలవు కలుపుకోగలిగితే, చదునైన దారిలో మొదటి ఫుల్ కోసం నా ఓటు కొచ్చికే.

చెన్నై, ఆరోవిల్, గోవా

చెన్నై మారథాన్ చిన్నది కాదు, ఇరవై వేలు దాటిన జనం. చెన్నై రన్నర్స్ అనే బృందం జనవరి మొదట్లో జరుపుతుంది. నేపియర్ వంతెన దగ్గర మొదలై మెరీనా మీదుగా దక్షిణానికి, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు. దారి చదును, ఏర్పాట్లు పక్కాగా ఉంటాయి, టైమింగ్ మెరుగుపరుచుకోవాలంటే చక్కని చోటు. కానీ మెరీనా దాటేది ఇంకా చీకటిగా ఉండగానే. ఆ తర్వాత చాలాసేపు ఊరి రోడ్లు. సముద్రం కోసం వెళ్లేవాళ్లు నిరాశపడతారు, నేను పడ్డాను. టైమ్ కోసం వెళ్లిన మా మిత్రుడు పొంగిపోయాడు.

ఆరోవిల్ మారథాన్ ఈ వరసలో అందరికంటే భిన్నం. 2008లో మొదలైంది, ఫిబ్రవరిలో జరుగుతుంది. సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, పరుగంతా అడవిలో, ఎర్రమట్టి బాటల మీద. టైమింగ్ చిప్ లేదు, మొదట ఎవరొచ్చారనే జాబితా లేదు. ఆ మెత్తటి నేల మోకాళ్లకు ఎంత సుఖమో చెప్పలేను. తారు రోడ్డు మీద నొప్పి పుట్టేవాళ్లు, వాచీ చూసుకోకుండా పరిగెత్తడం మర్చిపోయినవాళ్లు తప్పక వెళ్లాలి. చెట్ల వేళ్లు, రాళ్లు ఉంటాయి కాబట్టి చీకటిలో తలకి పెట్టుకునే లైటు తీసుకెళ్లండి. పరుగు అయ్యాక పుదుచ్చేరి ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటే మీకు రావాల్సిన సముద్రం మీకు దక్కుతుంది.

గోవాకి నేను పరిగెత్తడానికి వెళ్లలేదు. వాస్కో దగ్గర చికాలిమ్‌లో డిసెంబరులో జరిగే గోవా రివర్ మారథాన్‌కి మా గ్రూపులో ఇద్దరు వెళ్లారు. జువారీ నది ఒడ్డున పల్లెల గుండా దారి బాగుందన్నారు, ఎత్తుపల్లాలు గట్టిగానే ఉన్నాయన్నారు. చూసినవాళ్ల మాట కాబట్టి ఇంతవరకే చెబుతాను.

హాఫా, ఫుల్లా?

ఊరి కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. హైదరాబాద్‌లో ఫుల్ చేసినవాళ్లు కూడా తీరంలో మొదటిసారి హాఫ్ చేయమని గట్టిగా చెబుతాను. ముఖ్యంగా వైజాగ్‌లో. హాఫ్‌లో మీరు సూర్యోదయం చూస్తారు, రుషికొండ చూస్తారు, ఉక్క మొదలయ్యే వేళకి ముగిస్తారు, సాయంత్రం పిల్లలతో బీచ్‌లో తిరుగుతారు. అదే రోడ్డు మీద ఫుల్‌లో రెండో సగం ఎండతో పోరాటం. ఆ పోరాటమే కావాలనుకుంటే, అంతకు ముందు ఒక హాఫ్ అదే రోడ్డు మీద చేసి ఉండండి. దారిలో ప్రతి మలుపూ తెలిసి ఉండటం 35వ కిలోమీటర్ దగ్గర ఎంత ఆసరా ఇస్తుందో మాటల్లో పెట్టలేను. "తెన్నేటి పార్కు ఎత్తు ఒక్కటే మిగిలింది, అది దాటితే దిగుడే" అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఐదున్నర గంటలు దాటుతుందనుకునేవాళ్లు కటాఫ్ (పరుగు ముగించాల్సిన గడువు) ఎంతో చూసుకోండి. అంతకంటే ముఖ్యం, ఆ సమయానికి ఎండ ఎలా ఉంటుందో లెక్కేసుకోండి. నాలుగున్నరకి మొదలైతే మీరు ముగించేది పది గంటలకి. వైజాగ్ బీచ్ రోడ్డు మీద పది గంటల ఎండ, నెల డిసెంబరైనా, చిన్న విషయం కాదు.

నీళ్ల గురించి ఒక మాట. భయంతో కొందరు ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసుల ఉత్త నీళ్లు తాగేస్తారు. చెమటలో ఉప్పు పోతుంది, ఉత్త నీళ్లతో రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బడం, మాట తడబడటం కనిపిస్తే అది దాహం కాదు, ప్రమాదం, వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి. దాహమైనంత తాగండి, మధ్యమధ్యలో ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ మీద లీటరు నీళ్లు అని ఉంటే లీటరులోనే కలపాలి, చిన్న సీసాలో చిక్కగా కలుపుకుంటే కడుపు తిరుగుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వైజాగ్‌ను ఏం చేసిందో అందరం చూశాం. ఈ నెలల్లో ఏ తూర్పు తీరపు పరుగైనా వాయిదా పడొచ్చు, కాబట్టి క్యాన్సిల్ చేసుకోగల గది, టికెట్లు తీసుకోండి.

ఇక ఆ ముగ్గురి విషయం. యాభై దాటిన, మోకాలి నొప్పి ఉన్న మా పెద్దన్నని ఆరోవిల్‌కి పంపాను. మొదటి ఫుల్ చేయాలన్న అమ్మాయికి కొచ్చి చెప్పాను, నాలుగు గంటల్లోపు రావాలంటే మాత్రం చెన్నై అన్నాను, ఆమె కొచ్చికే వెళ్లింది. సముద్రాన్ని ఒక్కసారి కూడా పొద్దున్నే చూడని కరీంనగర్ తమ్ముడికి వైజాగ్ హాఫ్. అతనికి చెప్పిన ప్రయాణం పద్ధతి ఇక్కడా రాస్తాను: శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం తెల్లవారేసరికి వైజాగ్. బిబ్ తీసుకుని, మధ్యాహ్నం పప్పు, అన్నం, పెరుగు తిని పడుకోవాలి. సాయంత్రం తెన్నేటి పార్కు దాకా ఆటోలో వెళ్లి ఆ ఎత్తు ఒకసారి చూసి రావాలి. రాత్రి ఇడ్లీ, అరటిపండు, తొమ్మిదికల్లా నిద్ర. ఆదివారం పరుగు అయ్యాక సముద్రంలోకి దిగాలనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి, అలసిన కాళ్లతో లోతుకు అస్సలు వెళ్లొద్దు. మడమల దాకా వచ్చే నీళ్లలో పది నిమిషాలు నిలబడితే చాలు, పిక్కలు చల్లబడతాయి. తిరుగు ప్రయాణానికి సాయంత్రం మళ్లీ గోదావరే ఉంది. లోయర్ బెర్త్ ముందే బుక్ చేసుకొమ్మని చెప్పాను.